హేమవల్లి వయసు

ఆవిడ నంబరు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను పదమూడో భాగం ప్రూఫులు దిద్దుతున్నాను. పొద్దున్న తొమ్మిదిన్నర అయి ఉంటుంది. ఆ వేళప్పుడు ఆవిడ ఫోన్ చేసిందంటే నా నవలలో ఎవరికో వయసు తప్పిందన్నమాటే. ఎత్తగానే అలవాటుకొద్దీ, "ఈసారి ఎవరికండీ, పెంచాలా, తగ్గించాలా?" అన్నాను.

అవతల గొంతు ఆవిడది కాదు.

"మాస్టారండీ, నేను చెల్లెల్నండి. అక్క పోయిందండి, తెల్లారగట్ట."

అన్న మాట వెనక్కి తీసుకునే దారి లేదు. "ఆయ్" అన్నాను. ఎనిమిది నెలలుగా ఆవిడ ఒంట్లో బాగాలేదని తెలుసు. ఆదివారం వెళ్ళి చూద్దామనుకున్నాను. ఆరోజు గురువారం.

నేను అమలాపురంలో చాలాకాలం తెలుగు లెక్చరర్‌గా పనిచేశాను. పాతికేళ్ళ నుంచి భాగాలు భాగాలుగా ఒక జానపద నవల రాస్తున్నాను. మాట్లాడే కొండలు, ఎగిరే గుర్రాలు, ఒకచోట నిలవని ద్వీపం, అన్నీ ఉంటాయందులో. మొదటి భాగంలో శరభకేతు అనే రాజు ఆ ద్వీపాన్ని వెతుక్కుంటూ ఓడెక్కి వెళ్ళిపోతాడు. ఇంట్లో రాణి హేమవల్లి, అయిదేళ్ళ కొడుకు. రాజు తిరిగి రాడు. కథంతా ఆ తరవాత నడుస్తుంది. ప్రతి భాగమూ ఒకే వాక్యంతో మొదలవుతుంది: "సముద్రతీరాన గోపురం మీద ఇరవై రెండేళ్ళ హేమవల్లి నిలబడి ఉంది." ఈ వాక్యం పాఠకులకి నోటికొచ్చు. పుస్తకం తెరిచి అది కనబడితేనే ఇంటికొచ్చినట్టుంటుందని చాలామంది చెప్పారు.

ఒక భాగం రాసేటప్పుడు వెనక భాగాలు తీసి చూసే ఓపిక నాకెప్పుడూ లేదు. గుర్తున్నంతవరకూ రాసుకుపోయేవాణ్ణి. ఆ సంగతి ఆరు భాగాలు అచ్చయ్యేదాకా ఎవరూ పట్టుకోలేదు.

పట్టుకున్నది ఆవిడే. ఆరో భాగం వచ్చిన ఏడాది, ఒక మధ్యాహ్నం మా కాలేజీ స్టాఫ్ రూము గుమ్మం దగ్గర ముప్ఫై ఏళ్ళావిడ నిలబడి ఉంది. మెడలో బట్టలు కొలిచే టేపు. అది మెడలో ఉన్న సంగతి మర్చిపోయి బస్సెక్కేసినట్టుంది. తరవాత చూస్తే అది మరుపు కాదు, ఆవిడ గుళ్ళోకి కూడా టేపుతోనే వెళ్ళేది.

"ఆ నవల రాసేది మీరేనాండీ?"

"నేనేనండి. కూర్చోండి."

కూర్చోలేదు. మడతపెట్టిన కాగితం ఒకటి నా ముందు పెట్టింది. "పదకొండు తప్పులున్నాయండి. అన్నీ వయసులవే."

కాగితం ఒకవైపు స్కూలు పిల్లల కొలతలున్నాయి, రెండోవైపు నా తప్పులు. సేనాపతికి మూడో భాగంలో యాభై, అయిదో భాగంలో నలభై ఎనిమిది. మాంత్రికుడి కూతురు ఇంకా పుట్టనేలేదు, ఆమె పెళ్ళి భోజనం గురించి మంత్రి ముందే చెప్పుకున్నాడు. ఇలాంటివి. నాకు కొంచెం సిగ్గేసింది, కొంచెం కోపం వచ్చింది.

"ఇది మాయలు మంత్రాల కథండీ. మన లెక్కలు అక్కడ చెల్లవు" అన్నాను.

"మాయ ఉంటే ఉండనివ్వండి మాస్టారండీ. గుర్రం ఎగిరినా నాకేం అభ్యంతరం లేదు. ఎగిరే గుర్రం ఎక్కినోడిక్కూడా ఏడాది తిరిగితే ఒక ఏడు మీదపడాలి కదండీ."

పక్కన ఫిజిక్స్ లెక్చరర్ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"మాది ఓడలరేవండి. మా ఊరి స్కూలు పిల్లలకి బట్టలు నేనే కుడతాను. ప్రతి జూన్‌లోనూ అందరినీ కొలుస్తాను. పిల్లలు ఎలా పెరుగుతారో నాకు తెలుసండి. మీ యువరాజుకి రెండో భాగంలో అయిదేళ్ళు. అయిదో భాగానికి ఎనిమిదేళ్ళు గడిచిపోయేయని మీరే రాసేరు. ఆరో భాగంలో దాది ఆ పిల్లోణ్ణి చంకనెత్తుకుని తోటంతా తిప్పుతోంది. పదమూడేళ్ళోడండి. ఎత్తుకుంటే కాళ్ళు నేలకి తగుల్తాయి."

ఈసారి నేనూ నవ్వాను. నవ్వుతూనే కాగితం మళ్ళీ చూశాను. పదకొండింటిలో పది నిజమైన తప్పులే. ఒకటి మాత్రం కాదు. ముసలి ముని ఉన్నట్టుండి పడుచువాడవడం తప్పని రాసింది.

"ఇది తప్పు కాదండి. నాలుగో భాగంలో ఆయనకి వరం దొరుకుతుంది."

"నాలుగో భాగం నేను చదవలేదండి."

"నా దగ్గర కాపీ ఉంది, ఇస్తాను ఉండండి."

"ఒద్దండి, మాకుంది. మా ఆయన దగ్గరుంది."

"అయితే ఆయన చదివేశాక మీరూ చదవండి."

"ఆయ్. అలాగేనండి" అని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. భార్యకి పుస్తకం ఇవ్వకుండా దాచుకు చదివే మనిషెవరో అనుకున్నాను. స్టాఫ్ రూములో ఆ మాటే చెప్పి అందరం నవ్వుకున్నాం.

ఏడో భాగం రాతప్రతి సిద్ధమయ్యాక, అచ్చుకి ఇచ్చేముందు ఆవిడకి ఒకసారి చూపిద్దామనిపించి ఓడలరేవు వెళ్ళాను. గ్యాసు కంపెనీ గోడ దాటాక రెండు మలుపులు. రేకుల వసారాలో కుట్టుమిషను, దాని పక్కన నులకమంచం మీద అత్తగారు. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. పిల్లల్లేరు. మిషనుకి ఎదురుగా గూట్లో నా పుస్తకాలున్నాయి. మూడో భాగానికీ అయిదో భాగానికీ మధ్య ఒక పుస్తకం పట్టేంత ఖాళీ వదిలి ఉంది.

ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళినప్పుడు అత్తగారు చెప్పింది. కొడుకు మరబోటు మీద చేపల వేటకి వెళ్ళేవాడు. చదువంటే ఇష్టం. బోటు మీద ఖాళీగా ఉన్నప్పుడు చదువుకోడానికి సంచీలో ఎప్పుడూ ఒక పుస్తకం పెట్టుకునేవాడు. నాలుగేళ్ళ కిందట వాయుగుండం పట్టినప్పుడు ఆ బోటు తిరిగి రాలేదు. నలుగురు వెళ్ళారు. మనుషులూ దొరకలేదు, బోటు చెక్క కూడా దొరకలేదు.

"పైన ఓడ బొమ్మ ఉండే పుస్తకం బాబూ. అది పట్టికెళ్ళేడు" అంది.

నాలుగో భాగం అట్ట మీద ఓడ ఉంటుంది.

టీ గ్లాసు నా చేతికిస్తూ ఆవిడ, "ఏడో భాగం ఇచ్చేసి వెళ్ళండి మాస్టారండీ. శనివారానికి చూసి పెడతాను" అంది. నేను నాలుగో భాగం ఊసు ఆ తరవాత ఎప్పుడూ ఎత్తలేదు.

అప్పటి నుంచి ప్రతి రాతప్రతీ ముందు ఓడలరేవు వెళ్ళేది. బట్టల తానులకి చుట్టొచ్చే దళసరి కాగితాలు అతికించి ఆవిడ ఒక పెద్ద పట్టిక తయారుచేసి వసారా గోడకి తగిలించింది. ఎడమవైపు పాత్రల పేర్లు, పైన భాగాల అంకెలు, గళ్ళల్లో వయసులు. ఆవిడ రాతలో వయసులన్నీ సుద్దతో ఉండేవి. ఎందుకని అడిగితే, "మీరు మార్చేస్తారు కదండీ" అంది. పుస్తకంలో పేజీ గుర్తుకి బట్టముక్కలు పెట్టేది. నా దగ్గరికి తిరిగొచ్చిన ప్రతుల్లోంచి ఇప్పటికీ నీలంరంగు గుడ్డపేలికలు రాలుతుంటాయి.

కథ గురించి ఎప్పుడూ ఒక్క మాట అనేది కాదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఎలా ఉందని.

"కథ మీ ఇష్టమండి" అంది. "వయసులు మాత్రం మీ ఇష్టం కాదు."

మనుషుల్ని కూడా కొలతల్లోనే చూసేది. రెండేళ్ళ తరవాత కనబడితే ఎలా ఉన్నారని అడగడానికి ముందే, "మీ ఎడం భుజం దిగిందండి. సంచీ కుడివైపు తగిలించుకోండి" అంది. పిల్లల గౌన్లకి, లాగులకి అంచు మడత మిగతా టైలర్లకన్నా ఎక్కువ పెట్టేది. పిల్ల పొడుగైతే తల్లులు మడత విప్పి వదులుకునేవారు. ఊళ్ళో రోడ్డు మీద వెళ్ళే ఏ పిల్లని చూపించినా ఏ నెలలో మడత విప్పాలో చెప్పేది. నా ముందే ఒక తల్లితో, "దసరాలకి విప్పు. ముందే విప్పితే బురదలో ఈడుస్తాది" అనడం విన్నాను.

తొమ్మిదో భాగం రాస్తుండగా ఒక తప్పు నాకే కనబడింది. యువరాజు పట్టాభిషేకం రాస్తున్నాను. ఆవిడ పట్టిక ప్రకారం అతనికి ఇరవై మూడు. మొదటి పేజీలో, గోపురం మీద నిలబడ్డ తల్లికి ఇరవై రెండు.

కొడుకు తల్లికన్నా ఏడాది పెద్దవాడు.

సేనాపతి రెండేళ్ళు తగ్గితే పట్టుకున్న మనిషి దీన్నెలా వదిలేసిందో అర్థం కాలేదు. మర్నాడే బస్సెక్కాను. గోడ మీది పట్టిక దగ్గరికి వెళ్ళి చూస్తే అందులో అందరూ ఉన్నారు. వంటవాడు కూడా ఉన్నాడు. హేమవల్లి పేరు లేదు.

"హేమవల్లి ఏదండీ ఇందులో?"

ఆవిడ మిషను ఆపింది. సూది కింద బట్ట అలాగే ఉంది.

"తెలుసండి" అంది. "ఆరో భాగం అప్పుడే చూసేను."

"మరి చెప్పలేదేం?"

"ఒక్కావిడికి వయసు రాకపోతే ఏం పోయిందిలెండి, ఇంతమందికొచ్చింది." తలెత్తకుండానే మళ్ళీ అంది, "ఆవిడకి ఏళ్ళు వేస్తే ఆయనెళ్ళి ఎన్నేళ్ళయిందో తేలిపోద్ది కదండీ."

నులకమంచం మీద అత్తగారు అటు తిరిగి పడుకుంది. నిద్రపోతోందో లేదో తెలీదు. మిషను మళ్ళీ కదిలాక వచ్చేశాను. తొమ్మిదో భాగంలో కొడుకు పట్టాభిషేకం దృశ్యంలో తల్లిని దూరంగా గోపురం మీదే ఉంచాను. ఇద్దరూ ఒక పేజీలో కనబడకుండా జాగ్రత్తపడ్డాను. పదీ, పదకొండూ అలాగే గడిచాయి. కొంతమంది పాఠకులు అడిగారు. హేమవల్లికి శాపమో వరమో ఉందనుకోండి అన్నాను. ఒక తప్పుని ఇద్దరం కలిసి కాపాడుకుంటూ వచ్చాం, ఆ మాట మా మధ్య మళ్ళీ ఎప్పుడూ రాకుండానే.

పన్నెండో భాగం రాతప్రతి పంపినప్పుడు ఆవిడే రమ్మని ఫోన్ చేసింది. వెళ్ళేసరికి వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. మనిషి సగమైపోయింది. కాకినాడ ఆసుపత్రిలో చూపించారట, కడుపులో గడ్డన్నారట. చెల్లెలు వచ్చి ఉంటోంది. ఆ వివరాలు చెల్లెలు చెప్పబోతే, "అవెందుకే ఇప్పుడు, మాస్టారు పనిమీదొచ్చేరు" అని ఆపేసింది.

రాతప్రతి మొదటి పేజీ తీసి నా చేతికిచ్చింది. ఇరవై రెండు అన్న చోట సుద్దతో సున్నా చుట్టి ఉంది.

"నలభై నాలుగు రాయండి మాస్టారండీ."

నేను ఆవిడ మొహంలోకి చూశాను.

"రాయండి. పాపం ఆవిణ్ణి అలా నిలబెట్టేసేం ఇన్నేళ్ళూ. కొడుక్కి మీసాలొచ్చేయి, పెళ్ళయ్యింది, పిల్లలు పుట్టేరు. ఆవిడ ఏ ఒక్క దానికీ కిందకి దిగి రాలేదు. వయసొస్తే మోకాళ్ళు నొప్పెడతాయి, మెట్లెక్కలేదు. అప్పుడన్నా దిగి ఇంట్లో కూర్చుంటాది కదండీ."

"మరి శరభకేతు మాటేమిటండి? పోయాడని రాయాలా?"

"అది కథండి. మీ ఇష్టం. నాకేం తెలుసు."

ఎన్నో తప్పులు దిద్దింది గాని, ఇలా రాయండి అని ఆవిడ నన్ను అడిగింది ఆ ఒక్కసారే. సరేనన్నాను. సరేనని వచ్చి, రాజమండ్రిలో మా ప్రచురణకర్తకి చెప్పాను. ఆయన చాలా మర్యాదగా విన్నాడు. "ఆ మొదటి వాక్యం మార్చకండి. అట్ట బొమ్మ కూడా వేయించేశాం. నలభై నాలుగేళ్ళావిణ్ణి అట్ట మీద చూసి ఎవరండీ కొంటారు? వచ్చే భాగంలో చూసుకుందాం, ఏం తొందర?" అన్నాడు. నేను వాదించాల్సింది. రెండు మాటలు అన్నాను, మూడో మాట అనలేదు. నాకూ ఆ వాక్యం మీద మమకారం ఉంది. ఎవరి మీదో నెట్టేస్తే సరిపోదు. పన్నెండో భాగం ఇరవై రెండేళ్ళ హేమవల్లితోనే అచ్చయ్యింది.

పుస్తకం పంపించాను. ఎప్పుడూ మూడోరోజుకల్లా ఫోన్ వచ్చేది. పది రోజులైనా రాలేదు. నేనే చేశాను.

"పుస్తకం అందిందాండీ?"

"అందిందండి. చదివేసేను కూడా."

"మరి..."

"తప్పులేం లేవండి ఈసారి" అంది. గొంతులో కోపమేమీ లేదు. "మీరు బావున్నారాండీ? ఎండలు ముదిరిపోయేయి, బయట తిరక్కండి."

ఆ మాట తరవాత నేను ఇంక ఆగలేదు. రెండు మూడేళ్ళు పట్టే భాగం అయిదు నెలల్లో రాశాను. మొదటి పేజీ ముందు రాశాను: "సముద్రతీరాన గోపురం మీద హేమవల్లి నిలబడి ఉంది. ఆమెకి నలభై అయిదేళ్ళు." ఇదొప్పుకుంటేనే పుస్తకమని ప్రచురణకర్తకి చెప్పాను. ఈసారి మూడో మాటా, నాలుగో మాటా కూడా అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. ఈ సంగతి ఆవిడకి చెప్పలేదు. అచ్చులో చూపించాలనుకున్నాను. ఫోన్ చేసి ఒక్క వాక్యం చదివితే అయిపోయేది. అర నిమిషం పని. ప్రూఫులొచ్చాక, ఆదివారం పట్టుకెళ్దామని, చేత్తో చూపిస్తే ఆ మొహం ఎలా ఉంటుందో చూడాలని, నా ముచ్చట కోసం ఆగాను.

ఆ గురువారం పదకొండింటికి ఓడలరేవులో దిగాను. ప్రూఫులు ఇంట్లో బల్ల మీదే వదిలేశాను. అవి పట్టుకెళ్ళే మొహం నాకు లేదు.

వసారాలో పడుకోబెట్టారు. స్నానం చేయించి కొత్త చీర కట్టారు. మెడలో టేపు లేని ఆవిణ్ణి చూడటం నాకదే మొదటిసారి. వీధిలో మగవాళ్ళు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. అన్నీ సిద్ధంగానే ఉన్నట్టున్నాయి గాని ఎవరూ కదలడం లేదు. నన్ను చూసి చెల్లెలు గుమ్మంలోకి వచ్చింది. చేతిలో పసుపు గిన్నె ఉంది.

"ఆడవాళ్ళందరూ తలో మాటా అంటున్నారండి" అంది మెల్లిగా. "ముత్తైదువులా పంపాలా, ఒద్దా అని. బావ వెళ్ళి పంతొమ్మిదేళ్ళండి. ఇంక లేనట్టేనని కొందరు. పోయేడని కాగితం తెచ్చుకోమని ఆఫీసుల్లో ఎన్నిసార్లు చెప్పినా అక్క వెళ్ళలేదు. బొట్టూ తియ్యలేదు. ఒంట్లో బాగాలేనప్పట్నుంచి మాత్రం బావ మాటే ఎత్తడం మానేసింది. మీతో ఏమన్నా చెప్పిందాండీ? మీతోనే కదా అన్నీ మాట్లాడేది."

అందరూ నావైపు చూశారు. ఆవిడ నాతో మాట్లాడినవన్నీ ఎవరెవరివో వయసులు. తన మాట ఏదైనా అందులో ఉంటే అది నేను చెప్పగలిగేలా లేదు. ఆయన ఉన్నాడనీ అనలేదు, లేడనీ అనలేదు. నాకేం తెలుసు అంది. ఆ సంగతే చెప్పాను.

"నాతో ఏదీ అనలేదమ్మా. తనకి తెలీదనే అన్నారు."

చెల్లెలు తల దించుకుంది. ఎవరో పెద్దావిడ, అయితే ఎందుకొచ్చిన గొడవ, పసుపు లేకుండానే కానివ్వండి అంది. ఇంకొకావిడ, పాపం తగలదూ అంది. చెల్లెలి చేతిలో గిన్నె అలాగే ఉంది.

అప్పుడు నులకమంచం చప్పుడైంది. అత్తగారు లేచింది. ఆవిడకి ఎనభై దాటి ఉంటాయి. తనకెన్నేళ్ళో తనకే తెలీదు. కొంతకాలంగా కళ్ళు ఆనడం లేదు. గోడ పట్టుకుని, మనుషుల్ని చేత్తో తప్పించుకుంటూ వచ్చి, కోడలి తల దగ్గర కూలబడింది. చేత్తో నుదురు తడిమింది. అప్పటిదాకా ఆవిడ ఏడవడం నేను చూడలేదు, అప్పుడూ ఏడవలేదు.

"నా కొడుకు పోయేడని నాకెవరూ తెచ్చి చూపించలేదు" అంది, ఎవరివైపూ చూడకుండా. "నేను కన్నదాన్ని. నేననలేదు, ఇది అనలేదు. మీరెవరు అండానికి? ఇలా ఇవ్వండి."

చెల్లెలు గిన్నె అందించింది. ముసలావిడ కోడలి మొహానికి, పాదాలకి పసుపు రాసింది. కుంకం ఎక్కడ పెట్టాలో కనబడక, ముక్కు మీంచి వేలు పైకి జరుపుకుంటూ వెళ్ళి కనుబొమల మధ్య పెట్టింది. బొట్టు కొంచెం పక్కకి పడింది. ఎవరూ దాన్ని సరిచెయ్యలేదు.